జైలు మెయిన్ గేటు గారికి విన్నపం

మహారాజశ్రీ జైలు మెయిన్ గేటు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నా వైపు కుశలమే. మీ వెనకాల ఉన్నవాళ్ల కుశలం సంగతి మీరే చెప్పాలి, తాళం మీ దగ్గరే ఉంది కాబట్టి.

ముందు మీ డ్యూటీని మెచ్చుకోవాలి. ములాఖత్ రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చిన ముసలి తల్లి సంచిని మీ ముందు బోర్లిస్తారు. బిస్కెట్ ప్యాకెట్లు చించి చూస్తారు. అరటిపండ్లు నొక్కి చూస్తారు. సబ్బుబిళ్లను రెండు ముక్కలు చేస్తారు. చెప్పులు విప్పించి అటూ ఇటూ వంచుతారు. ఆధార్ జిరాక్స్ మసగ్గా ఉందంటే, "పోయి ఇంకోటి తీయించుకురా" అని ఎండలో తిప్పుతారు. ఇదంతా చూసి, మీరు సరేననకుండా చీమ కూడా లోపలికి దూరదని నమ్మినవాణ్ణి నేను.

మరి 2018 జులై 9న ఉత్తరప్రదేశ్‌లోని బాగ్‌పత్ జైల్లోకి పిస్టల్ ఎలా వెళ్లిందండీ? కోర్టు వాయిదా కోసం ముందు రోజు రాత్రి ఝాన్సీ జైలు నుంచి తెచ్చిన గ్యాంగ్‌స్టర్ మున్నా బజరంగీని తెల్లారేసరికి జైల్లోనే కాల్చి చంపారు. ఆయన ప్రాణానికి ముప్పుందని భార్య అంతకు పది రోజుల ముందే ప్రెస్ మీట్ పెట్టి మొత్తుకుంది. మీ పెద్ద తలుపులో ఒక చిన్న తలుపు ఉంటుంది కదా, ఎంతటివాడైనా నడుం వంచి రావాల్సిందే. ఆ పిస్టల్ కూడా మర్యాదగా వంగే వచ్చిందా?

ఢిల్లీ తీహార్ జైల్లో ఉన్న మీ అన్నగారి ఘనత ఇంకా పెద్దది. 2023 మే 2న ప్రత్యర్థి ముఠావాళ్లు పై అంతస్తులో ఇనుప గ్రిల్ కోసి, దుప్పట్లు పట్టుకుని కిందికి జారి, గ్యాంగ్‌స్టర్ టిల్లు తాజ్‌పురియాను పొడిచారు. (మా వీధిలో కిటికీ గ్రిల్ ఒకటి కోయాలంటే వెల్డింగ్ షాపతను ఊరంతా లేపుతాడు. తీహార్‌లో ఎవరికీ నిద్రాభంగం కాలేదు.) అప్పటికే పొడిపించుకున్న మనిషిని సిబ్బంది మోసుకొస్తుంటే, వాళ్ల కళ్లముందే మళ్లీ పొడిచారు. మనిషి దక్కలేదు. భద్రతకు వచ్చిన తమిళనాడు స్పెషల్ పోలీసులు నిలబడి చూశారు. ఈ వ్యవహారంలో నిజాయితీగా పనిచేసింది సీసీ కెమెరా ఒక్కటే. దానికి చేతులు లేవు పాపం.

మనవాళ్లేం తక్కువ తిన్నారని? 2008 నవంబర్ 9న అనంతపురం జైల్లో పరిటాల రవి హత్య కేసు నిందితుడు మొద్దు శీనును తోటి ఖైదీ డంబెల్‌తో తల మీద మోది చంపాడు. సీమలో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, ఆ మనిషికి ఎంతమందితో పడదో. అలాంటివాడి పక్కన ఎవరిని ఉంచాలి, చేతికందేలా ఏ వస్తువు ఉండకూడదు అని ఆలోచించడానికి ఒక శాఖ ఉందనుకున్నాం. ఆ శాఖవారికి వ్యాయామం మీద గౌరవం ఎక్కువ.

ప్రతిసారీ వచ్చే వివరణ ఒకటే: ఖైదీల మధ్య గొడవ, పాతకక్షలు. ప్రభుత్వం ఆ టైముకి ఊళ్లో లేనట్టు! బయట ఇద్దరు కొట్టుకుంటే ఒకడు పారిపోతాడు, పక్కింటి తలుపు కొడతాడు. మీ లోపల ఎవడు ఏ బ్యారక్‌లో, ఎవడి పక్కన పడుకోవాలో కూడా సర్కారే చెబుతుంది. పారిపోయే దారి మూసింది మీరే.

"చచ్చినవాడేమైనా బుద్ధుడా?" అని టీ బంకు దగ్గర అంటుంటారు. కాదండీ. పైన చెప్పిన ముగ్గురిలో ఎవరికోసమూ నాకు కన్నీళ్లు రాలేదు. కానీ 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. బైకు దొంగతనం కేసులో జామీను దొరక్క కూర్చున్న కుర్రాడూ అందులోనే ఉన్నాడు. వాడు దెబ్బలు తింటే బ్రేకింగ్ న్యూస్ కూడా రాదు.

మీ బంధువు కోయిలకుంట్ల సబ్‌జైలు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1977 మే నెలలో, అయిదో తేదీ రాత్రి దాటాక, తెల్లవారుజామున మూడున్నరకు కొందరు లోపలికి వచ్చి ఏడో నంబరు సెల్లులోకి బాంబులు విసిరారు. ఆ సెల్లులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. ప్రాణభయం ఉందని తండ్రీకొడుకులు ముందే మొరపెట్టుకున్నారు. బాంబులు తెచ్చినవాళ్లు చెప్పులు విప్పి చూపించారో లేదో తెలియదు. కుటుంబం పది లక్షల పరిహారం కోరుతూ దావా వేస్తే, మన ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఏం వాదించిందనుకున్నారు? జైలు నడపడం సార్వభౌమాధికారమట, అందులో తప్పు జరిగినా పరిహారం అడగకూడదట. అంటే, పట్టుకెళ్లేటప్పుడు రాజుగారు, అప్పజెప్పేటప్పుడు ఎవరో దారినపోయే దానయ్య. ఆ పప్పులు ఉడకవని 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. హైకోర్టు ఇవ్వమన్న 1,44,000 రూపాయలు, 6 శాతం వడ్డీ ఖాయమయ్యాయి. బాంబులు పడిన 23 ఏళ్లకు.

2017లోనూ సుప్రీంకోర్టు, జైళ్లలో అసహజంగా చనిపోయినవాళ్ల కుటుంబాలను వెతికి పరిహారం ఇప్పించండని హైకోర్టులకు చెప్పింది. చచ్చాక లెక్క చూడ్డం దగ్గర మనం బాగానే ఉన్నాం.

కాబట్టి బతికుండగానే చేయగలిగిన చిన్న పని ఒకటి అడుగుతున్నాను. ములాఖత్‌కి వచ్చినవాళ్ల సెల్‌ఫోన్ తీసుకుని టోకెన్ ఇస్తారు కదా. ఆ తల్లికి కొడుకు పేరు మీద కూడా ఒక టోకెన్ ఇవ్వండి: "ఫలానా మనిషి ముట్టాడు, ఒంటిమీద గాయాలు లేవు, ఇలాగే తిరిగి అప్పజెబుతాం" అని. కింద సంతకం ఎవరు పెట్టాలన్నది తేల్చడానికి కమిటీ కావాలంటే వేసుకోండి, మేం ఆగుతాం. ఫోన్లయితే ఇప్పటిదాకా గీత పడకుండా వెనక్కి ఇస్తున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇట్లు,
టోకెన్ పట్టుకుని బయట నిలబడ్డ
తమ విధేయుడు