సూది గుచ్చుకుంటే రక్తం పిండేసి ఊరుకోమంటున్న ఆ మెసేజ్‌ను నమ్మకండి

హైదరాబాద్ ఆసుపత్రుల్లో పనిచేసే నర్సుల, ల్యాబ్ టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "నీడిల్ ప్రిక్ అయితే టెన్షన్ పడకండి. గట్టిగా పిండి రక్తం బయటికి తీసేయండి, వేలిని స్పిరిట్‌లోనో బ్లీచింగ్ నీళ్లలోనో ముంచండి. పేషెంట్ రిపోర్ట్ నెగటివ్ అయితే ఇంకేం చేయక్కర్లేదు. రెండు జతల గ్లవ్స్ వేసుకుంటే గుచ్చుకున్నా ఏమీ కాదు. సూది వాడగానే క్యాప్ పెట్టేయండి. హెచ్ఐవీ మందులు కిడ్నీలు పాడుచేస్తాయి, వేసుకోవద్దు. ఇన్‌ఛార్జికి చెబితే తప్పు మీ మీదికే వస్తుంది."

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా నా పని ఇదే కాబట్టి దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. ఇది ఎవరో సీనియర్ సిస్టర్ ధైర్యం చెబుతున్నట్టు ఉంటుంది, అందుకే అందరూ నమ్మేస్తున్నారు. కానీ ఇందులో చెప్పింది చెప్పినట్టు చేస్తే, గుచ్చుకున్న తర్వాత అన్నిటికంటే విలువైన మొదటి రెండు గంటలు చేజారిపోతాయి.

ముందు పిండడం సంగతి. గాయాన్ని పిండితే వైరస్ బయటికి పోతుందనడానికి ఆధారం లేదు. గట్టిగా నొక్కితే లోపలి కణజాలం నలుగుతుంది, ఆ చోటికి రక్తం ఇంకా ఎక్కువ చేరుతుంది. స్పిరిట్, బ్లీచింగ్, బెటాడిన్, డెట్టాల్ లాంటివి గాయం మీద పోస్తే చర్మం కాలడం, మండడం తప్ప లాభం లేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) మార్గదర్శకాల్లో ఇవన్నీ "చేయకూడనివి" కిందే ఉన్నాయి. గుచ్చుకున్న వేలిని నోట్లో పెట్టుకోవడం కూడా ఆ జాబితాలోదే, అది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. చేయాల్సింది చాలా మామూలు పని: గ్లవ్స్ తీసేసి, పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. రక్తం కంట్లో పడితే శుభ్రమైన నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ బాగా కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడిగేటప్పుడు అలాగే ఉంచి, కంటిని శుభ్రం చేశాక తీయాలి. నోట్లో పడితే ఉమ్మేసి, చాలాసార్లు పుక్కిలించాలి. ఇదంతా అయ్యేసరికి కొద్ది నిమిషాలు పడుతుంది. ఆ వెంటనే డ్యూటీ డాక్టర్ దగ్గరికి నడవాలి.

"రిపోర్ట్ నెగటివ్ అయితే ఏం చేయక్కర్లేదు" అన్న మాట ఈ మెసేజ్ మొత్తంలో ఎక్కువ హాని చేసేది. ఏ రిపోర్ట్? చాలా ఫైళ్లలో ఉండేది ఆపరేషన్‌కు ముందు ఎప్పుడో చేసిన హెచ్ఐవీ పరీక్ష. కొత్తగా వైరస్ సోకిన మనిషికి మొదటి వారాల్లో పరీక్ష నెగటివ్ రావచ్చు, దాన్నే విండో పీరియడ్ అంటాం. పైగా హెచ్ఐవీ ఒక్కటీ చూసి వదిలేస్తే సరిపోదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వైరస్‌లు కూడా చూడాలి.

అంకెలు చూస్తే మన భయం ఎంత తప్పు చోట ఉందో తెలుస్తుంది. హెచ్ఐవీ ఉన్న మనిషి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో ముగ్గురికి. హెపటైటిస్ సి విషయంలో ఇది 2 శాతం లోపే. అదే హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోనివాళ్లకు 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. సూది బోలుగా ఉండటం, దాని మీద రక్తం కనబడటం, అది నరంలోంచి నేరుగా తీసిన సూది కావడం, గాయం లోతుగా దిగడం వల్ల ప్రమాదం పెరుగుతుంది. ఇంకో సంగతి, హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. ఆ టేబుల్, ఆ ట్రే, ఆ గ్లూకోమీటర్ రోజూ ఎన్ని చేతులు మారతాయో ఆలోచించండి.

దీనికి టీకా ఉంది. అందులోనూ మన దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకా పుట్టింది ఈ ఊళ్లోనే. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వ్యాక్-బి తెచ్చింది. అప్పటిదాకా దిగుమతి టీకా ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లకు కూడా అది అందుబాటులోకి వచ్చింది. అలాంటి ఊళ్లో, బస్తీల్లోని చిన్న నర్సింగ్ హోముల్లో ఒక్క డోసు కూడా పడకుండా నరానికి సెలైన్ సూది (ఐవీ) పెడుతున్న అమ్మాయిలను చూస్తుంటే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు. చివరి డోసు వేసుకున్న ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్, అంటే టీకా వల్ల రక్తంలో ఎంత రక్షణ వచ్చిందో చూసే పరీక్ష, చేయించుకోవాలి. అది 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రక్షణ వచ్చినట్టు. కొందరికి మూడు డోసులకూ రాదు. వాళ్లకు ఇంకో విడత వేయాల్సి ఉంటుంది. "వేయించుకున్నాను కదా" అని ఊరుకున్నవాళ్లలో టైటర్ ఎప్పుడూ చూడనివాళ్లే ఎక్కువ. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి రక్తం గుచ్చుకుంటే ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్, టీకా మొదటి డోసు రెండూ వీలైనంత త్వరగా, 24 గంటల్లోపే పడాలి. ఆలస్యమయ్యే కొద్దీ పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

హెపటైటిస్ సికి టీకా లేదు, గుచ్చుకున్నాక వేసుకునే నివారణ మందూ లేదు. కానీ పరీక్షల్లో త్వరగా పట్టుకుంటే కొన్ని వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. చెప్పకుండా దాచుకుంటే ఆ అవకాశమూ పోతుంది.

రెండు జతల గ్లవ్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గ్లవ్ సూదిని ఆపలేదు. సూది దాన్ని దాటుకుని వచ్చేటప్పుడు దాని మీది రక్తం కొంత తుడుచుకుపోతుంది, అంతే మేలు. ఆపరేషన్ థియేటర్లో రెండు జతలు వేసుకోవడం మంచి అలవాటే. కానీ "ఏమీ కాదు" అనడం తప్పు. గ్లవ్స్ తీశాక చేతులు కడగాల్సిందే.

ఇక క్యాప్ పెట్టడం. రాత్రి మూడు గంటల వేళ షుగర్ చూసి ఇన్సులిన్ ఇచ్చే సిస్టర్‌ను దగ్గరి నుంచి గమనించండి. ఎడమ చేతి వేళ్ల మధ్య చిన్న క్యాప్, కుడి చేతిలో సిరంజీ, వెనకాల ఇంకో బెడ్ నుంచి ఎవరో పిలుస్తుంటారు, తల అటు తిరుగుతుంది. సూది క్యాప్ అంచు తప్పి బొటనవేలిలో దిగుతుంది. క్యాప్ పట్టుకున్న చేతికే గాయాలు అవుతుండటం నేను ఎన్నో సార్లు చూశాను. వాడిన సూదికి క్యాప్ పెట్టకూడదు, వంచకూడదు, చేత్తో విరవకూడదు. నేరుగా, సూది గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలో పడాలి. ఆ డబ్బా ట్రాలీ మీదే, చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. వార్డు చివర సింకు పక్కన పెట్టి "ఎందుకు వేయలేదు" అని అడిగితే అది సిస్టర్ తప్పు కాదు. ముప్పావు వంతు నిండగానే మూసి మార్చాలి. క్యాప్ పెట్టక తప్పని పరిస్థితి వస్తే క్యాప్‌ను ట్రేలో పడుకోబెట్టి, ఒక్క చేత్తో సూదిని అందులోకి దూర్చాలి. రెండో చేయి దాని దగ్గరికి రాకూడదు.

డబ్బాలో పడని సూది ఎక్కడికి పోతుంది? చెత్త కవర్లోకి. ఒకసారి మా వార్డులో హౌస్‌కీపింగ్ ఆమె కవర్ మూతి కట్టి ఎత్తుకుని నడుస్తుంటే అది కాలికి తగిలింది. పిక్క మీద చీర మడత పక్కన చిన్న ఎర్రటి చుక్క. "ఏం కాలే సిస్టరమ్మా, గింత గీసుకుంది అంతే" అని పైట చెంగుతో తుడుచుకుని మళ్లీ కవర్ ఎత్తబోయింది. ఆ కవర్లో ఏ పేషెంట్ సూది ఉందో ఎవరికీ తెలియదు. "రిపోర్ట్ నెగటివ్" అన్న మాటకు ఆమె విషయంలో అర్థమే లేదు. ఇలా ఎవరిదో తెలియని సూది అయితే గాయం, సూది తీరు, ఆ వార్డులో ఎలాంటి పేషెంట్లు ఉన్నారన్నది చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

"హెచ్ఐవీ పేషెంట్ దగ్గరే జాగ్రత్త చాలు" అన్న ఆలోచన కూడా ఈ మెసేజ్ అడుగున ఉంది. ఎవరి ఒంట్లో ఏముందో మొహం చూసి తెలియదు కాబట్టే ప్రతి పేషెంట్ రక్తాన్నీ ఒకేలా చూడాలన్న నియమం 1980ల నుంచే ఉంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల ఫైలు మీద ఎర్ర స్టిక్కర్ అంటించడం వల్ల ఆ పేషెంట్ పరువు పోతుంది, మిగతా బెడ్ల దగ్గర మన జాగ్రత్త తగ్గుతుంది.

మందుల భయం గురించి. గుచ్చుకున్న తర్వాత ఇచ్చే హెచ్ఐవీ నివారణ మందు, పెప్ అంటాం, ఇప్పుడు మన దేశంలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన కోర్సు. రోజూ తప్పకుండా 28 రోజులు. వీలైతే రెండు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇవ్వడంలో ప్రయోజనం ఉండదు. వికారం, తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం కొందరికి ఉంటాయి. టెనోఫోవిర్ కిడ్నీల మీద ప్రభావం చూపొచ్చన్నది నిజమే, అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేస్తారు, ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మందు మారుస్తారు. కానీ ఇదే టెనోఫోవిర్‌ను హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు ఏళ్ల తరబడి వాడుతూ పనులు చేసుకుంటున్నారు. నాలుగు వారాల కోర్సుకు భయపడి 72 గంటలు పోగొట్టుకోవడం ఏ లెక్కన సరైనది? హెపటైటిస్ బి ఉన్నవాళ్లు మాత్రం ఆ మాత్రలు సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మొదటి డోసు కోసం రిపోర్టులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పేషెంట్‌కు లేదని తేలితే డాక్టరే ఆపేస్తారు. మీ ఆసుపత్రిలో మందు లేకపోతే, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. ఓపీ సమయం దాటితే క్యాజువాలిటీకి వెళ్లి "నీడిల్ ప్రిక్, పెప్ కావాలి" అని చెప్పండి. ఎటు వెళ్లాలో తోచకపోతే ఎయిడ్స్ నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్ 1097.

"చెబితే మీ మీదికే వస్తుంది" అన్నది చివరి మాట. ఇది పూర్తిగా ఊహ కాదు. రిపోర్ట్ చేసిన అమ్మాయిని అందరి ముందు నిలదీసిన ఇన్‌ఛార్జులు ఉన్నారు, నాకు తెలుసు. అది చూసినవాళ్లు తర్వాత నోరు విప్పరు. కానీ చట్టం మన వైపు ఉంది. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, ఈ ప్రమాదం ఉన్న ఆరోగ్య సంస్థలు సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, గుచ్చుకున్నప్పుడు పెప్ ఇచ్చి తీరాలి. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నియమాలు ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్ష, ఏటా శిక్షణ ఇవ్వాలంటున్నాయి. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు మినహాయింపు ఏమీ లేదు.

చెప్పడం వల్ల మీకు నేరుగా వచ్చే లాభం ఇంకొకటి ఉంది. గుచ్చుకున్న వెంటనే మీ రక్తం పరీక్ష చేస్తే, ఆ రోజుకు మీకు ఏ ఇన్‌ఫెక్షన్ లేదన్న సాక్ష్యం కాగితం మీద ఉంటుంది. తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. ఆ మొదటి కాగితం లేకుండా రేపు ఏదైనా బయటపడితే, డ్యూటీలోనే వచ్చిందని మీరు నిరూపించుకోలేరు.

నర్సింగ్ సూపరింటెండెంట్లకు ఒక మాట. మన వార్డుల్లో పెప్ పోస్టర్ చాలాచోట్ల ఇంగ్లిష్‌లో, నర్సుల స్టేషన్ వెనక గోడ మీద ఉంటుంది. కవర్లు మోసే ఆమె అటువైపు రాదు, వచ్చినా చదవలేదు. ఆ పోస్టర్‌ను పెద్ద తెలుగు, ఉర్దూ అక్షరాల్లో రాయించి, తెల్ల డబ్బా పైన, చెత్త గది తలుపు మీద అంటించండి. రాత్రి డ్యూటీ డాక్టర్ ఫోన్ నంబర్ దాని మీద ఉండాలి. చదవడం రానివాళ్లకు ప్రతి షిఫ్టు మొదట్లో నోటితో చెప్పండి.