సవరణ: 2016లో కబ్స్ ఓడింది 58 మ్యాచ్‌లే

అమెరికా బేస్‌బాల్ జట్టు షికాగో కబ్స్ 2016 సీజన్ గురించి మొన్న రాస్తూ 103 గెలుపులు, 59 ఓటములు అన్నాను. అది తప్పు. సీజన్‌లోని 162 మ్యాచ్‌ల్లోంచి 103 తీసేసి, మిగిలినవన్నీ ఓటములే అనుకున్నాను. ఓడింది 58. సెప్టెంబర్ 29న పిట్స్‌బర్గ్‌లో పైరేట్స్‌తో మ్యాచ్ 1-1 దగ్గర ఉండగా వానకి ఆగిపోయింది. ఆ రెండు జట్లు ప్లేఆఫ్‌కి (సీజన్ తర్వాతి నాకౌట్ దశకి) వెళ్తాయా లేదా అన్నది అప్పటికే తేలిపోయింది కాబట్టి మళ్ళీ ఆడించలేదు, టైగానే లెక్కలో ఉండిపోయింది. బేస్‌బాల్‌లో టై చాలా అరుదు. అలాంటిదాన్నే వదిలేసినందుకు నాకు బాధగా ఉంది.

ఇంకో తప్పు కూడా ఉంది. క్లీవ్‌లాండ్‌తో వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ని తేల్చే ఫైనల్) ఏడో మ్యాచ్, పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ ఆటగాడు బెన్ జోబ్రిస్ట్ కొట్టింది హోమ్ రన్ కాదు, డబుల్ (బ్యాటర్ రెండో బేస్ దాకా చేరే షాట్). దాంతో ఒక పరుగు వచ్చింది, తర్వాత మిగెల్ మోంటెరో ఇంకొకటి తెచ్చాడు. కబ్స్ 8-7తో గెలిచారు, వాళ్ళు వరల్డ్ సిరీస్ గెలవడం 1908 తర్వాత మళ్ళీ అప్పుడే. పొరపాట్లకు క్షమించండి.