పొట్టకు రిటైర్మెంట్, కండకు నియామకం

కొవ్వు కరిగి కండగా మారుతుందని మా పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ల ప్రగాఢ విశ్వాసం. పొట్ట దగ్గరి సరుకుకి భుజాలకు బదిలీ ఉత్తర్వులు వస్తాయట! సవినయంగా మనవి చేస్తున్నాను: ఈ శాఖలో బదిలీల్లేవు. కొవ్వు రిటైరవ్వాలి, కండను కొత్తగా వేసుకోవాలి. రెండూ ఒకేసారి జరిగితే హాజరుపట్టీలో తలల లెక్క మారదు. కాటా మీద అదే అంకె. లుంగీ మాత్రం జారుతుంది.

బరువులెత్తి పని చూపించకపోతే కండ పోస్టు మంజూరు కాదు. అలాగని కడుపు మరీ మాడ్చుకుంటే కొవ్వుతో పాటు ఉన్న కండకూ ఉద్వాసనే. తిండి కాస్తే తగ్గాలి, అందులో ప్రోటీన్ పెరగాలి. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కండ కావాలంటే 1.6 దాకా వెళ్లమంటారు. 70 కిలోల నాకు 112 గ్రాములన్నమాట.

ఇక వంటింటి బడ్జెట్. గుడ్డుకి 6 గ్రాములు. అంటే రోజుకు 19 గుడ్లు, శనివారాలు మినహా. 100 గ్రాముల కందిపప్పులో 22 ఉన్నాయి గానీ, ఆ పప్పుతో మా ఇంట్లో నలుగురు తింటారు. నా వాటా అయిదున్నర. ఆ అయిదున్నరను మోయడానికి పళ్లెంలో అన్నం కొండ. పోనీ వేరుశెనగ అంటే, 100 గ్రాములకు 25 గ్రాముల ప్రోటీన్ ఇస్తూనే దాదాపు 50 గ్రాముల నూనెను పెళ్లికి చుట్టాల్లా వెంటేసుకొస్తుంది.

అన్నం తగ్గిద్దామని సంక్రాంతికి అత్తారింట్లో "రెండు ముద్దలు చాలండి" అన్నాను. వంటింట్లో నిశ్శబ్దం. "అల్లుడుగారు దేనికో అలిగినట్టున్నారు" అని అత్తగారు మామగారిని పంపించారు. విచారణ పూర్తయ్యేసరికి నా ఖాతాలో ఆరు అరిసెలు జమయ్యాయి.

అసలు తప్పు మన తాతల దగ్గరే జరిగింది. ఉలవల్లోనూ కందిపప్పుకు దీటుగా ప్రోటీన్ ఉంది. వాళ్లేం చేశారు? ఉలవలు ఉడికించి, ఆ నీళ్లతో చారు కాచుకుని, వెన్న వేసుకుని జుర్రుకున్నారు. గింజలు తీసుకెళ్లి ఎడ్లకు పెట్టారు. ఒంగోలు గిత్త భుజాలు ఒకసారి చూడండి. తర్వాత అద్దం ముందుకొచ్చి నిలబడండి.