ఎక్కడం ఒక ఎత్తు, జారకుండా నిలబడటం ఒక ఎత్తు

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే చాలు, ఎన్నేళ్లుగా ఆ పనిలో ఉన్నారో తెలిసిపోతుంది. పిక్కలోని రసం అంటి చర్మం నల్లబడి, పొరలు లేస్తుంది. ఆ కూలి డబ్బులతోనే పిల్లల్ని చదివించారు. వేలిముద్ర వేసే తల్లికి బీటెక్ చదివిన కూతురు! శ్రీకాకుళం జిల్లాలో ఇప్పుడిది వింత కాదు. గర్వపడాల్సిన మార్పే.

2018లో ప్రపంచ బ్యాంకు తరాల మధ్య ఎదుగుదలపై ఒక నివేదిక ఇచ్చింది. చదువులో అట్టడుగున ఉన్న తల్లిదండ్రుల పిల్లలు పైమెట్టుకు చేరే అవకాశం మరీ తక్కువగా ఉన్న 50 దేశాల్లో 46 వర్ధమాన దేశాలేనని తేల్చింది. ఆ లెక్క ఎక్కేవాళ్లది. ఎక్కుతూ మధ్యలో జారిపోయేవాళ్ల సంగతి తెలియాలంటే ఇదే జిల్లాలో తోటలకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతానికి రావాలి.

అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. ఉద్దానంలో కొబ్బరి తోట అంటే తాత మనవడికి దాచిన సొమ్ము. పిల్ల పెళ్లికైనా, పిల్లాడి కాలేజీ సీటుకైనా దాన్ని చూసే అప్పు పుడుతుంది. మళ్లీ మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఐదారేళ్లు. అప్పటికి ఇంటర్ చదువుతున్న పిల్లాడు ఆ ఐదారేళ్లు ఆగగలడా? చెన్నై రైలెక్కుతాడు, భవనాల పనికి.

తుపాను ఒక్క రాత్రిది. కిడ్నీ జబ్బు అలా కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా ఉంది, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. ఇంటి పెద్ద డయాలసిస్‌లో పడితే వారానికి రెండు మూడు రోజులు ఆసుపత్రికే సరి. తోడు వెళ్లినవాళ్ల కూలీ పోతుంది. చాలా ఇళ్లలో ఆ తోడు పెద్ద కొడుకో కూతురో. చదువు అక్కడే ఆగిపోతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. విశాఖ దాకా పరుగెత్తే బాధ తగ్గింది, రోగికి పింఛనూ వస్తోంది. మంచిదే. తోడు వెళ్లే మనిషి మాత్రం ఏ పథకంలోనూ కనిపించడు.

ఈ పిల్లలకు తెలివి తక్కువై కాదు, కష్టం చాలక అంతకన్నా కాదు వెనకబడుతున్నది. ఫీజు రీయింబర్స్‌మెంటు కాలేజీ గడప దాటిస్తుంది. ఇంట్లో దెబ్బ తగిలిన ఏడాది వాళ్లను అక్కడే నిలిపి ఉంచే ఏర్పాటే లేదు. కొబ్బరి చెట్లకు బీమా పథకం ఉన్నదే, అది ఎకరం అరెకరం తోటల దాకా చేరాలి. డయాలసిస్ రోజుల్లో తోడు వెళ్లేవాళ్లకు కూలి కట్టివ్వాలి. చదువు ఆపేసిన పిల్లల పేర్లు ఊరూరా రాసుకుని, మళ్లీ చేరేదాకా కాలేజీలు ఆ సీటు ఉంచాలి.