లింగం గడి గారికి ఒక అర్జీ

జనన ధ్రువపత్రంలో పేరుకూ పుట్టిన తేదీకీ నడుమ కాలు మీద కాలేసుకుని కూర్చున్న లింగం గడి గారికి, కడప కలెక్టరేట్ బయట అర్జీలు రాసుకుని బతికే నేను నమస్కరించి రాయునది.

తమరి వైభోగమే వేరు. పక్కనున్న పేరు గడికి ఎంత ఓర్పో! బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదంటే ఖాళీగానే ఉంటుంది. ఏడాదిలోపు వస్తే పైసా అడగదు. ఆ తర్వాత కూడా లేటు ఫీజు కట్టించుకుని 15 ఏళ్ల దాకా ఎదురుచూస్తుంది. తమరికి అంత తీరికేదీ? బొడ్డు కోయకముందే కాన్పుగదిలో ఎవరో ఒక చూపు చూసి ఒక మాటంటే చాలు, నిండిపోతారు. ఆ చూపుకు సాక్షి లేడు, అఫిడవిట్ లేదు. మార్చమంటే మాత్రం అఫిడవిట్, టీసీ, ఆధార్, గెజిటెడ్ సంతకం, ఇంకా ఆ పూట గుమస్తాకు ఏది గుర్తొస్తే అది.

మొన్న సోమవారం గ్రీవెన్స్‌కు ఒక ట్రాన్స్‌జెండర్ అమ్మాయి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో ఆపరేషన్ కాగితం, స్త్రీ అని కలెక్టరు ఇచ్చిన సర్టిఫికెట్, మారిన ఆధార్. "అన్నా, బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే మొండికేసింది. అర్జీ రాసియ్యి" అనింది.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 15వ సెక్షన్ ముందేసుకున్నా. నమోదు తప్పుగా పడి ఉండాలి, లేదా మోసంగానో అక్రమంగానో రాయించి ఉండాలి. అప్పుడే దిద్దుతారట. కారణం అన్నచోట ఏం రాయను సామీ? పురుడు పోసిన నర్సమ్మకు కళ్లు కనపడలేదనా? వాళ్ల నాయన సర్కారును మోసం చేశాడనా? ఆయన పాపం, కొడుకు పుట్టాడని వార్డంతా లడ్లు పంచినాడంట. పోనీ తప్పని ఒప్పించినా పాత ఎంట్రీని చెరపరు. మార్జిన్‌లో ఇరికించి సంతకం పెడతారు.

ఎవరి లింగ గుర్తింపు వాళ్లే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ చేయించుకుంటేనే అనడం చెల్లదు అని సుప్రీంకోర్టు 2014లోనే, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో చెప్పింది. ఆ మాట తమరి చెవిన పడినట్టు లేదు. తర్వాత వచ్చిన 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం, ట్రాన్స్‌జెండర్ అని రాయించుకోవాలంటే ఆపరేషన్ అక్కర్లేదంది గానీ స్త్రీ అనో పురుషుడనో రాయాలంటే ఆస్పత్రి కాగితం తెమ్మంది. పుట్టినప్పుడు చూపు చాలింది, ఇప్పుడు కత్తి కావాలి! సరే, ఈ అమ్మాయి అదీ తెచ్చింది. పుట్టిన కాగితంలో పేరు మార్చుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే రాసి ఉంది. కౌంటరు దగ్గరేమో ఇంకా 1969వ సంవత్సరమే నడుస్తోంది. ఇదే పేచీ కర్ణాటక హైకోర్టు దాకా పోతే, 2024 డిసెంబర్లో పాత వివరాలూ కొత్తవీ రెండూ కనపడేలా మార్చి ఇమ్మన్నారు. రాష్ట్ర సరిహద్దు దాటి ఇటు రావడానికి ఆ తీర్పుకు బస్సు దొరకలేదేమో.

ఆమె సర్టిఫికెట్ తిరగేస్తుంటే ఇంకోటి కంటబడింది. ఇంగ్లీషులో జిల్లా పేరు తెల్లదొరల కాలం నాటి స్పెల్లింగుతోనే ఉంది. ఆ స్పెల్లింగును 2005లో మార్చారు. 2010లో వైఎస్సార్ జిల్లా అన్నారు. 2022లో కొంత కోసి అన్నమయ్య జిల్లాకు ఇచ్చారు. 2025లో వైఎస్సార్ కడప అన్నారు. అన్నీ జీవోలతోనే అయిపోయాయి. జిల్లాను ఎవరూ ఆస్పత్రికి పంపలేదు, మార్జిన్‌లో నిలబెట్టలేదు.

అర్జీలో చిరునామా తాజా పేరుతోనే రాశాను. కారణం అన్నచోటు ఇంకా ఖాళీగా ఉంది. తప్పనమంటారా, మోసమనమంటారా? వచ్చే సోమవారంలోగా సెలవియ్యండి. ఆమె మళ్లీ కూలి పోగొట్టుకుని రావాల.