తుఫాను సంగతి సరే, తాడు సంగతి అడగరేం?

మిర్యాలగూడ వచ్చి పది రోజులైంది. కనిపించిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఒక్కనివే తెరచాప పడవ నడుపుతవట, తుఫానొస్తే ఎట్లరా?" మా బావైతే ఫోన్లో అలల వీడియో చూపించి మరీ అడిగాడు. అయ్యా, తుఫాను వస్తుందని ముందే చెప్తారు, ఆ రోజు పడవ తీయం. అంతే! నాకు చెమటలు పట్టించేవి వంతెనలు, లాకులు.

నేను తిరిగేది అమెరికా తూర్పు తీరం వెంబడి ఉన్న లోపలి జలమార్గంలో. అక్కడ కదలని వంతెనలు చాలావరకు నీటికి 65 అడుగుల ఎత్తులో ఉంటాయి. నా పడవ తెరచాప స్తంభం 52 అడుగులు, పైన యాంటెన్నా ఇంకో 3. లెక్క సరిపోతుంది. అయినా కింద నుంచి చూస్తే ప్రతి వంతెనా తగిలేటట్టే కనిపిస్తుంది. దిమ్మె పక్కన అంకెల పలక ఉంటుంది, ఆ పూట నీటికీ వంతెనకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూపిస్తుంది. పోటు మీదున్నప్పుడు ఆ అంకె తగ్గుతుంది, నా గుండె దడ పెరుగుతుంది.

తెరుచుకునే వంతెనలది ఇంకో గోల. వర్జీనియాలో రేడియో 13వ ఛానల్లో, ఫ్లోరిడాలో 9లో పిలవాలి. లేదంటే హారన్ ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. చాలా వంతెనలు టైం ప్రకారమే లేస్తాయి. పది నిమిషాలు ముందొస్తే? రైల్వే గేటు దగ్గరైతే బండి ఆపి, కాలు కింద ఆనించి నిలబడతాం. పడవకు మాత్రం బ్రేకుల్లేవు. వెనక నుంచి ప్రవాహం వంతెన మీదికి తోస్తుంటే, పడవను ఎదురు తిప్పి ఇంజన్ సన్నగా నడుపుతూ ఉండాలి. ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో రేడియో. దాహమేసినా నీళ్ల బాటిల్ అందదు.

లాకు అంటే రెండు గేట్ల మధ్య తొట్టి. పడవ లోపలికి పోయాక నీళ్లు నింపుతారు, లేదా దింపుతారు. ఆ జలమార్గంలోనే ఉన్న డిస్మల్ స్వాంప్ కాలువలో దక్షిణానికి పోతుంటే మొదటి లాకులో పైకి లేస్తాం, సౌత్ మిల్స్ దగ్గర రెండో లాకులో సుమారు 8 అడుగులు దిగుతాం. అక్కడే నా పరువు పోయింది. ముందు తాడు గట్టిగా ముడేసి, వెనక తాడు చూడ్డానికి పరిగెత్తాను. నీళ్లు దిగాయి, తాడు దిగలేదు. పడవ ముక్కు గోడకు వేలాడింది. పైనున్న లాకు మనిషి కేకేస్తే, ముడి రాక చాకుతో కోశాను. ఒంటరి వీరుడని నన్ను పొగిడేవాళ్లు ఆ పూట చూడాల్సింది.

మన నాగార్జునసాగర్ దగ్గర ఈ లాకుల గొడవే లేదులెండి. సాగర్ డ్యాం 124 మీటర్లు, కింది పడవ పైకి వచ్చే దారే లేదు. వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణను 2008లో జాతీయ జలమార్గంలో కలిపారు. ఆ వజీరాబాద్ మన వాడపల్లి దగ్గరిదే! మొన్న మూసీ కలిసే చోటికి పోతే నాకు కనిపించింది రెండు పుట్టీలు.

ఒక పుట్టీలో వల సర్దుతున్న తాత నా కథంతా విని, తుఫాను ఊసే ఎత్తలేదు.

"ఒక్కనివే అంటున్నవ్. మరి ఒడ్డుకు తాడు ఎవలు పడ్తరు బిడ్డా?"

పది రోజుల్లో మొదటి సరైన ప్రశ్న. నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు: "నడిమి తాడు ముందు వెయ్యాలె. ముడెయ్యొద్దు, ఒక సుట్టు సుట్టి చేతుల పట్టుకోవాలె."