నాలుక మీద రుచులకు సరిహద్దులు లేవు

వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతున్న ఒక సందేశం, రంగురంగుల నాలుక బొమ్మ ఒకటి జతచేసి, నాలుగు మాటలు చెబుతోంది. నాలుక కొన తీపిని, ముందు పక్కలు ఉప్పును, వెనుక పక్కలు పులుపును, మొదలు చేదును మాత్రమే గుర్తిస్తాయట. నాలుక మీద కనిపించే ప్రతి బుడిపే ఒక రుచి మొగ్గ అట. నాలుక వెనుక పెద్ద గుండ్రని బుడిపెలు కనబడితే అవి క్యాన్సర్ గడ్డలట. శరీరంలో అన్నింటికంటే బలమైన కండరం నాలుకేనట. ఈ నాలుగింటిలో ఏదీ నిలవదు.

మొదటి మాటకు మూలం 1901లో జర్మన్ శాస్త్రవేత్త డేవిడ్ హేనిగ్ ప్రచురించిన పరిశోధన. ఒక్కో రుచి తెలియడానికి కనీసం ఎంత మోతాదు కావాలో ఆయన నాలుక అంచు పొడవునా కొలిచి, చోటునుబట్టి స్వల్ప తేడాలున్నాయని చెప్పాడే తప్ప, ఫలానా చోట ఫలానా రుచి తెలియదని చెప్పలేదు. 1942లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ బోరింగ్ ఆ ఫలితాలను గ్రాఫుగా గీసినప్పుడు తేడాలు ఎంత చిన్నవో చూసేవారికి తెలియకుండా పోయింది. తక్కువగా తెలిసే చోటును అసలే తెలియని చోటుగా జనం చదువుకున్నారు. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ కొలిచి చూసినా, దొరికినవి స్వల్పమైన తేడాలే.

నిర్మాణం చూసినా ఈ పటానికి ఆధారం లేదు. ఒక్కో రుచి మొగ్గలో సుమారు 50 నుంచి 100 కణాలుంటాయి. తీపిని, చేదును, పులుపును పట్టే కణాలు అందులో పక్కపక్కనే ఉంటాయి. నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచిని ముఖనాడి శాఖ, వెనుక మూడో వంతు రుచిని తొమ్మిదో కపాలనాడి మెదడుకు చేరుస్తాయి కనుక విభజన ఉన్న మాట నిజమే, కానీ అది నాడుల విభజన, రుచుల విభజన కాదు. అనుమానం ఉన్నవారు నాలుక కొనను మాత్రమే ఉప్పునీటిలో ముంచి, ఆ తర్వాత పచ్చి కాకరకాయ ముక్కకు ఆనించి చూడవచ్చు. చేదు మాత్రను కొన మీద పెట్టుకుంటే చేదు తెలియదన్న చిట్కా కూడా అక్కడే తేలిపోతుంది. జపాన్ రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునే 1908లోనే గుర్తించిన ఉమామి రుచికి, అంటే మాంసం పులుసులాంటి వాటిలో తెలిసే కమ్మదనానికి, ఆ పటంలో చోటే లేదు. మన షడ్రుచుల్లోని కారానికీ లేదు. అయితే అందుకు కారణం వేరు. మిరప మంటను మోసుకుపోయేది రుచి నాడి కాదు, స్పర్శను, నొప్పిని తెలిపే నాడి. రుచి మొగ్గలు లేని పెదవులు కూడా ఆవకాయకు మండేది అందుకే.

రెండో మాట విషయానికి వస్తే, బుడిపె వేరు, రుచి మొగ్గ వేరు. రుచి మొగ్గ కంటికి ఆనదు. అది బుడిపె పైపొరలో ఇమిడి ఉంటుంది. నాలుకకు గరుకుదనం ఇచ్చే సన్నని ఫిలిఫార్మ్ బుడిపెలే సంఖ్యలో అత్యధికం, వాటిలో రుచి మొగ్గలు అసలే ఉండవు. నాలుక ముందు భాగానికి నీలం ఫుడ్ కలర్ రాసి అద్దంలో చూస్తే, రంగు పట్టిన ఆ గరుకు పొర మధ్య గులాబీ చుక్కల్లా తేలేవి ఫంగిఫార్మ్ బుడిపెలు. రుచి మొగ్గలుండేది వాటి పైభాగంలో. ఇవి కాక అంగిట్లోనూ గొంతులోనూ రుచి మొగ్గలున్నాయి.

బలమైన కండరం అన్న మాటకు ఎక్కువ చర్చ అక్కరలేదు. నాలుక ఒక కండరం కాదు, ఎనిమిది జతల కండరాల కూర్పు. దాని గొప్పతనం ఎముక ఊతం లేకుండానే ఆకారం మార్చుకోవడంలో ఉంది. కొరికే బలంలో దవడ కండరానికి అది సాటిరాదు.

అసలు హాని చేసేది మూడో మాట. నాలుకను బాగా బయటికి చాపి చూసుకున్నవారికి వెనుక కనిపించే 8 నుంచి 12 గుండ్రని బుడిపెలు సర్కంవేలేట్ పాపిల్లే (పాపిల్లే అంటే బుడిపెలు), పుట్టుకతో అందరికీ ఉండేవే. అవి గొంతువైపు మొన తిరిగిన కోణంలా వరుసకట్టి ఉంటాయి. ఒక్కోదాని చుట్టూ చిన్న కందకం, ఆ కందకం గోడల్లో వందల రుచి మొగ్గలు ఉంటాయి. కోణం మొన దగ్గరున్న చిన్న గుంట, పిండదశలో థైరాయిడ్ గ్రంథి మొదలైన చోటు. నాలుక వెనుక పక్కల్లో మడతల్లా కనిపించే ఫోలియేట్ పాపిల్లేను చూసి కూడా కొందరు బెదిరిపోతారు. రెండువైపులా ఒకే తీరుగా ఉన్నవాటిని చూసి భయపడనక్కరలేదు. నాలుక క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది పక్క అంచుల్లో, అదీ సాధారణంగా ఒకవైపే; కాబట్టి రెండు మూడు వారాలైనా మానని పుండు, గట్టిపడ్డ మచ్చ, కారణం లేకుండా రక్తం కారడం వంటివి కనిపిస్తే, ముఖ్యంగా గుట్కా, పొగాకు అలవాటున్నవారు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.